వాడు మొదటి రింగుకే ఎత్తాడు

మొన్న ఆఫీసు కాంటీన్లో టీ తాగుతుంటే మా టీం లో ఒకాయన అన్నాడు, "ఈ వైరస్ పాపప్పులకి ఇంకా ఎవడు పడతాడండీ బాబూ, కాస్త బుర్ర ఉన్నోడెవడైనా పడతాడా?" అని. అందరూ నవ్వారు. రెండు నెలల క్రితం అయితే నేనూ నవ్వేవాణ్ణే. ఇప్పుడు నవ్వు రాలేదు. ఎందుకంటే పడినాయన మా మావయ్య. తెనాలిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. బుర్ర సంగతే మాట్లాడుకోవాలంటే మా టీం మొత్తం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

జరిగింది ఇదీ. పంచాంగం చూద్దామని ఏదో సైటు తెరిచారు. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అంది. నొక్కారు. అది రోబో పరీక్షా కాదు పాడూ కాదు, నోటిఫికేషన్లు పంపుకోడానికి బ్రౌజరు అడిగే పర్మిషను. ఆ రోజు నుంచి స్క్రీను కింద కుడి మూల "మీ కంప్యూటర్లో 5 వైరస్లు", "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది" అంటూ గంటకోటి. ఆ మూల నుంచి వచ్చేదంతా విండోసే చెప్తోందనుకున్నారు పాపం. ఒకరోజు దాని మీద నొక్కితే స్క్రీనంతా ఎర్రగా అయిపోయి, సైరన్ మోగి, ఒక ఫోను నంబరు కనిపించింది.

ముందు నాకే చేశారు. రెండు సార్లు. నేను ఏదో రిలీజు కాల్లో ఉండి కట్ చేసి "మీటింగ్ లో ఉన్నా, తర్వాత చేస్తా" అని మెసేజి కొట్టా. తర్వాత చెయ్యలేదు. ఆయన స్క్రీను మీది నంబరుకి చేశారు. వాళ్ళు లాప్‌టాప్ ని దూరం నుంచి చేతిలోకి తీసుకుని, ఈవెంట్ వ్యూయర్ తెరిచి "ఇవిగో సార్ వైరస్లు" అని ఎర్ర గుర్తులు చూపించారు. (మీ దాంట్లో, నా దాంట్లో, ఏ విండోస్ లో తెరిచినా ఆ ఎర్ర గుర్తులు ఉంటాయని మనకి తెలుసు. ఆయనకి ఎవరు చెప్పారు?) మూడేళ్ళ సెక్యూరిటీ అని 8,500 లాగేశారు.

సాయంత్రం తెలిసి నేను అరిచా, "నాకు ఒక్క మాట చెప్పాల్సింది కదా మావయ్యా!" అని. ఆయన నెమ్మదిగా అన్నారు, "నీకు రెండు సార్లు చేశాను గదరా. వాడు మొదటి రింగుకే ఎత్తాడు."

ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ టపా.

ముందు ఒక విషయం. బ్రౌజర్లో తెరిచిన పేజీకి మీ డిస్కు తిరగేసి చూసే దారి లేదు. "స్కానింగ్... 73 శాతం" అనేది ఉత్త బొమ్మ. ఎక్స్‌పి రోజుల్లో లైనక్స్ వాడేవాళ్ళకి కూడా "మీ సి డ్రైవులో వైరస్లు" అని చూపించేవి ఇలాంటి పేజీలు :) విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్, ఎక్స్‌పి యాంటీవైరస్ లాంటివి అమ్మిన ముఠా మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో కేసు వేసింది. మోసపోయినవాళ్ళు పది లక్షలకి పైనే. 2012లో కోర్టు 163 మిలియన్ డాలర్ల తీర్పిచ్చింది. అప్పుడు దొంగ ప్రోగ్రాము దించుకోమనేవాళ్ళు, ఇప్పుడు ఫోను చెయ్యమంటున్నారు. నాటకం మాత్రం అదే.

"అసలుకీ నకిలీకీ తేడా తెలుసుకోవాలండీ" అంటారు మనవాళ్ళు. ఎలా తెలుసుకుంటారో చెప్పండి? కొత్త లాప్‌టాప్ తో వచ్చిన 30 రోజుల ట్రయల్ అయిపోగానే "మీరు ప్రమాదంలో ఉన్నారు" అని ఎర్రటి బొమ్మ పెట్టేది అసలు కంపెనీయే కదా. అదే రంగు, అదే భాష, అదే "ఇప్పుడే కొనండి".

పోనీ పేరున్న వాళ్ళని నమ్ముదామా? 2019లో ఆఫీస్ డిపో 25 మిలియన్లు, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ 10 మిలియన్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. వాళ్ళ దుకాణాల్లో చేసే "హెల్త్ చెక్" ముందు నాలుగు ప్రశ్నలు అడిగేది. మీ పిసి స్లోగా ఉందా, పాపప్పులు వస్తున్నాయా, ఇలాంటివి. ఏ ఒక్కదానికి టిక్కు పడినా స్కాన్ తో సంబంధం లేకుండా వైరస్ లక్షణాలు ఉన్నాయనేది! 2024 మార్చిలో రెస్టోరో, రీఇమేజ్ కంపెనీలు లేని సమస్యలు చూపించి భయపెట్టిన కేసులో 26 మిలియన్లకి సెటిల్ చేసుకున్నాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో అవాస్ట్ కి 16.5 మిలియన్లు పడింది. "మిమ్మల్ని ఎవరూ ట్రాక్ చెయ్యకుండా కాపాడతాం" అని చెప్పి, జనాలు ఏ ఏ సైట్లు చూశారో జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకున్నందుకు.

ఇదంతా ఒకే బజారు. సరుకు పేరు భయం. రిటైరైన మాస్టారు ఆ బజార్లో బేరమాడి నెగ్గాలని మనం ఎదురుచూస్తున్నాం.

ఇంకో సంగతి. ఆ శనివారం తెనాలి వెళ్ళి లాప్‌టాప్ తెరిచి చూశా. దొంగలు చేసినదానికంటే నేను చేసిందే ఎక్కువ కనబడింది. అది నా పాత లాప్‌టాప్. అడ్మిన్ అకౌంటుతోనే ఇచ్చేశా. ఆఫీస్ క్రాక్ చేసి వేశా. ఆ యాక్టివేటర్ని డిఫెండర్ పట్టేస్తోందని మొత్తం సి డ్రైవునే ఎక్స్‌క్లూజన్ లో పెట్టా! అంటే కాపలావాణ్ణి పడుకోబెట్టి, తలుపు తెరిచి, "జాగ్రత్త మావయ్యా" అని చెప్పొచ్చానన్నమాట. ఆఫీసులో సెక్యూరిటీ ట్రైనింగులో నూటికి నూరు తెచ్చుకునే నేను. మీలో ఎంతమంది ఇలా చెయ్యలేదో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

"ఏ యాంటీవైరస్ కొనమంటారు?" అని చుట్టాలు అడిగితే మనం ఠక్కున ఒక పేరు చెప్పి చేతులు దులుపుకుంటాం. ఇంట్లో వాడే విండోస్ కి కొననక్కర్లేదు అంటాను నేను. 2012లో విండోస్ 8 నుంచీ డిఫెండర్ పూర్తి యాంటీవైరస్ గా లోపలే ఉంది. గడువైపోయిన ట్రయల్ తీసేస్తే తనే లేచి కూర్చుంటుంది. కంపెనీల సంగతి వేరు, అక్కడ చూసుకోడానికి మనుషులుంటారు. అక్కడ కూడా 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి 85 లక్షల విండోస్ మెషీన్లని పడుకోబెట్టింది. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కి ఇచ్చేది ఇంటి తాళంచెవి అండీ, ఎంత మందికి పంచుతారు?

ఆ రోజు నేను చేసినవి ఇవీ. ముందు బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులు ఫోన్లోంచి మార్పించా. ఫొటోలు, పెన్షన్ కాయితాలు విడిగా కాపీ చేసి లాప్‌టాప్ తుడిచేసి విండోస్ 11 వేశా (విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది). రోజూ వాడుకోడానికి మామూలు అకౌంటు, అడ్మిన్ వేరే. క్రాకులు లేవు, లిబ్రేఆఫీస్ చాలు. బ్రౌజర్లో నోటిఫికేషన్లు మొత్తానికే ఆపేశా, ఒక యాడ్ బ్లాకర్ పెట్టా. ఫుల్ స్క్రీన్ లో ఇరుక్కుంటే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోమని, అదీ కాకపోతే పవర్ బటన్ నొక్కి ఆపేయమని చూపించా. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజిలో ఎప్పుడూ ఫోను నంబరు ఉండదని కాగితం మీద రాసి మూతకి అంటించా. మొత్తం ఒక పూట పని. ఖర్చు సున్నా.

1930కి కంప్లైంటు చేద్దామంటే మావయ్య ఒప్పుకోలేదు. "ఊళ్ళో తెలిస్తే, హెడ్మాస్టరుని మోసం చేశారంటార్రా" అన్నారు. ఒక రోజంతా బతిమాలితే చేశారు. ఆ రోజు ఆలస్యం దొంగకి లాభం. "బుర్ర ఉన్నోడు పడతాడా" అని మనం నవ్విన ప్రతిసారీ ఆ లాభం పెంచుతున్నాం. డబ్బులు ఇంకా రాలేదు.

మూతకి అంటించిన కాగితంలో కింద నా నంబరు కూడా రాశా. "మీటింగ్ లో ఉన్నా ఎత్తుతా" అని. మొన్న రిలీజు రోజే చేశారు, ప్రింటర్ పని చెయ్యట్లేదని. మేనేజరు మాట్లాడుతుండగానే మ్యూట్ చేసి ఎత్తా. రిలీజేం ఆగలేదు లెండి.