కలిమిలేముల హాస్యము

మన భాషలో హాస్యకథలు వ్రాయువారికి కలవారి యాచారములకును లేనివారి యాచారములకును గల భేదమును మించిన సామగ్రి వేఱొకటి లేదు. ఒకే యూరిలో, ఒక్కొక్కప్పుడొకే ప్రహరిలోపల నివసించుచు, ఒకే భాష మాటలాడుచు, ఒకే దేవునికి మ్రొక్కుచున్నను, తినుట, కూర్చుండుట, పిలుచుట, పెట్టుట, సిగ్గుపడుట యను వీనియందెల్ల నీ రెండు తెగలవారును రెండు దేశములవారివలె నుందురు. ఈ భేదము నవ్వు పుట్టించుననుటలో సందేహము లేదు. అయితే ఆ నవ్వు ఎవరిని జూచి నవ్వవలసినదను ప్రశ్నమును మన రచయితలు తగినంతగా విచారించుట లేదని చెప్పవలసివచ్చుచున్నది.

నేడు చలనచిత్రములయందును, టెలివిజను ప్రసారములయందును, వారపత్రికలయందును గానవచ్చు కథలు చాలవఱ కొకే మూసలో బోసినవి. పల్లెనుండి వచ్చిన పనివాడొకడు పట్టణమందలి పెద్దమేడలో నడుగిడును. లిఫ్టును జూచి బెదరును. నునుపురాతి నేలపై జాఱిపడును. చేతులు కడుగుకొనుట కిచ్చిన నిమ్మకాయనీటిని త్రాగివేయును. చూపరులు నవ్వుదురు. కథ యంతటితో నిలిచిపోవును. ముందునకు సాగుట కందు వస్తువు లేదు. ఎన్నడును జూడని దానిని ఎఱుగకపోవుట హాస్యము కాదు. ఆ మేడ యజమానిని మోకాటిలోతు బురదలో దింపి, నారుకట్ట చేతికిచ్చి, వరుస తప్పక నాటుమనినచో నాతడంతకంటె నెక్కువగా నవ్వులపాలగును. కాని యట్టి కథ వ్రాయువా రరుదు. వ్రాయువాడును, వ్రాయించువాడును, టిక్కెట్టు కొనువాడును మేడవైపు వారగుటయే యిందులకు గారణము.

వింత ఆచారములో లేదు. ఆ యాచారమునకు గల కారణమును ఎదుటివా డెఱుగకపోవుటలో నున్నది. లేనివాని యింట అతిథి కిచ్చు టీలో మూడు చెంచాల పంచదార యుండును; అది యాతని మర్యాద. కలవాని యింట పంచదార లేని టీ యరకప్పు వచ్చును. అది వైద్యుని యాజ్ఞ. లేనివాడు చెప్పకయే చుట్టమింటికి బోవును. చెప్పి పోయినచో నా యింటివా రప్పుచేసి వండుదురని యాతని భయము. కలవాడు ముందుగా ఫోను చేయక పోడు; చెప్పక పోయినచో నింట లేమని చెప్పింతురని యాతని భయము. ఒకడు సోలెడు బియ్యము పొరుగింట బదులు తెచ్చుకొనును. పొరుగువాడే యాతనికి బ్యాంకు. రెండవవాడు బ్యాంకు మేనేజరు పేరెఱుగును గాని పొరుగువాని పేరెఱుగడు. ఈ కారణములు రెండును తెలిసినవాడే యీ కథ వ్రాయుట కర్హుడు. ఒకవైపు మాత్రమే తెలిసినవాడు వ్రాసినది వెక్కిరింత యగును.

మన పూర్వులీ విషయమున మనకంటె ధైర్యవంతులు. శూద్రకుని మృచ్ఛకటికమున దరిద్రుడగు చారుదత్తుడు మర్యాదకు నిలయము. రాజుగారి బావమఱిది యగు శకారుడు పరిహాసపాత్రము. అధికారమదమున నాతడు పురాణకథలను కలగాపులగము చేసి ప్రసంగించుచుండ సభ నవ్వును. ఆంధ్రదేశమున పగటివేషములవారు ఊరూర దిరిగి, కరణమును, వడ్డీవ్యాపారిని వారి వాకిటనే యనుకరించి, కడపట వారిచేతనే ధాన్యము కొలిపించుకొని పోయెడివారు. తమ్ము వెక్కిరించినవానికి ధాన్యము కొలిచి యిచ్చుట కూడ నొక సంస్కారమే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది. ఆడువేషము వేసిన బాలుని బెండ్లాడి నవ్వులపాలైనవాడు ధనమును గూడబెట్టిన లుబ్ధావధాన్లేగాని యాయింట జీతమునకున్నవాడు గాడు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొగలితుఱ్ఱునుండి బయలుదేఱి యడుగడుగున పొరపడును. ఐనను కథ చెప్పువాడాతడే యగుటచేతను, తన పొరపాట్లను దానే చెప్పి నవ్వించుటచేతను, ఆతని గౌరవమునకు లోపము రాలేదు. పరదేశమున చార్లీ చాప్లిన్ 1931లో వెలువరించిన ‘సిటీ లైట్స్’ అను చిత్రమున ధనికు డొకడు మైకములో నున్నంతసేపు దేశదిమ్మరిని ప్రాణమిత్రునిగా జూచును; మైకము దిగినంతనే వాడెవడో యెఱుగననును. నవ్వు పుట్టించువాడు బీదవాడే. నవ్వు తగులునది మాత్రము ధనికునికి.

ఈ మార్గమును విడిచి మనవారు చాలకాలము వేషభాషలను బట్టి నవ్వించుటకు మరగిరి. తెలుగు చలనచిత్రములలో కథానాయకునికి చదువుకొన్నవారి భాషయు, పనివానికిని, రౌడీకిని, హాస్యగానికిని తెలంగాణపు యాసయో, ఉత్తరాంధ్రపు యాసయో కేటాయించుట దశాబ్దులపాటు వాడుకయైనది. తల్లియొద్ద నేర్చిన పలుకే నవ్వులాటకు వస్తువగుట చూచినవారి మనస్సు నొచ్చినది. ఈ నొప్పి తెలంగాణోద్యమమున వినవచ్చిన ఫిర్యాదులలో నొకటి. 2014 జూన్ 2న రాష్ట్ర మేర్పడిన పిమ్మట మార్పు గానవచ్చినది. 2017లో ‘ఫిదా’ చిత్రమున కథానాయికయే యా భాష మాటలాడినది. 2023లో వచ్చిన ‘బలగం’ ఒక పల్లెకుటుంబపు చావింటి కథను సంపూర్ణముగ నా భాషలోనే చెప్పి జనుల నేడ్పించి నవ్వించినది. యాసను తీసివేయకయే నవ్వులాటను తీసివేయవచ్చునని యీ రెండును ఋజువు చేసినవి.

ఇక మేము కోరునట్టి కథ యెట్లుండవలెనో యొక దృష్టాంతముచే జూపెదము. శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులలో పలనాటి జొన్నకూటిని పరిహసించినవి కలవు. సన్నబియ్యపు టన్నము మరగిన కవికి జొన్న యొక శిక్షగా దోచినది. ఆ పలనాటికి 1967లో నాగార్జునసాగరపు కుడికాలువనుండి నీరు వచ్చినది. జొన్నచేలు పెక్కు వరిమళ్లైనవి. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చి, పండుగకు మాత్రమే వరియన్నము దినుచుండిన పేదలకు దాని ననుదినభోజనము చేసినది. అటుపిమ్మట చక్రము వెనుకకు దిరిగినది. మధుమేహము పాలైన ధనికులకు వైద్యులు తెల్లబియ్యమును తగ్గించి జొన్న, కొఱ్ఱ, సజ్జలు తినుమనుచున్నారు. భారతదేశము కోరగా ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఆ 2023 జనవరినుండియే ఆహారభద్రతా చట్టము క్రింద పేదలకు బియ్యము ఉచితమైనది. అనగా నొకప్పటి దొరల కూడు కూలివాని కంచములోనికిని, కూలివాని కూడు దొరల కంచములోనికిని వచ్చినవి. హాస్యరచయితకు ఇంతకంటె నేమి కావలయును?

పలనాటి కామందుగారొకరు గుంటూరిలో మేడ కట్టుకొని యున్నారనుకొందము. వైద్యుడు జొన్నరొట్టె తినుమనెను. వంటమనిషి చేసిన రొట్టె పెంకువలె విఱిగినది; వేడినీటితో పిండి కలిపి చేతితో తట్టుట యామె యెఱుగని విద్య. కామందుగారికి తమ పాత పాలేరు తల్లి జ్ఞాపకమునకు వచ్చినది. రేపు మీ యింట భోజనము చేసెదనని కబురు పంపిరి. గూడెములో గలవరము పుట్టినది. దొరగారికి జొన్నరొట్టె పెట్టుట యవమానమని తలచి పాలేరు అంగడిలో సన్నబియ్యము అరువు తెచ్చెను, కోడిని గోసెను, పాయసములో పంచదార రెట్టింపు వేయించెను. ముసలమ్మ తనకొఱకు దొడ్డిలో తట్టుకొను రొట్టెల పెనమును గంపక్రింద దాచిరి. కామందుగారు వచ్చి, విస్తరిలో తనకు నిషిద్ధమైన పదార్థములన్నియు వరుసగా నుండుట చూచి దిగాలుపడిరి. వారు తినకుండుట చూచి, మన కులము తలచి తినుట లేదని యింటివారు కుమిలిరి. ‘జొన్నరొట్టె లేదా?’ యని వారడిగినంతనే పాలేరు కొడుకు ముఖము ఎఱ్ఱబడినది. తమ బీదతనమును దొరగారు ఎత్తిపొడుచుచున్నారని వాని భావము. అందఱును మర్యాదకొఱకే పాటుపడిరి; అందఱికిని అవమానమే మిగిలినది.

అప్పుడు ముసలమ్మ కాగితములో చుట్టిన క్రొత్త స్టీలుగ్లాసు తెచ్చి మంచినీళ్లిచ్చి యిట్లనును: ‘ఇది మీకేనండి బాబుగారూ! ఎవరి నోరూ తగల్లేదు. మీరెళ్లాక చూర్లో దాస్తా. మళ్లీ వచ్చినప్పుడు ఇందులోనే ఇస్తా.’ ఆమె మాటలో వ్యంగ్యము లేదు. కామందుగారి పల్లెటూరి యింట వసారా చూరులో తన కొడుకునకై వేఱొక గ్లాసు ముప్పదియేండ్లు దోపియుండుటను జూచి యామె గ్రహించిన మర్యాద యదియే. ఇచ్చట రచయిత ఒక్కమాటయైన వ్యాఖ్యానము చేయరాదు. చదువరి నవ్వ నారంభించి నడుమ నాగును. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమునందలి 17వ యధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955లో దానికి శిక్షాశాసనము గూడ నేర్పడినది. ఐనను ఆ గ్లాసు అన్ని చూరులనుండియు దిగలేదు.

కథ యింకను ముందునకు సాగును. ముసలమ్మ గుంటూరికి వచ్చి రొట్టెలు తట్టుట కొప్పుకొనినది. కాని మూడు తరములుగా నామె వంశమువా రెవ్వరును ఆ కుటుంబపు వంటయిల్లు త్రొక్కియుండలేదు. ఇల్లాలు పెరటిలో పొయ్యి పెట్టించినది. పెరటినుండి భోజనపు బల్లకు వచ్చునప్పటికి రొట్టె చల్లారి యట్టవలె బిఱుసెక్కినది. పొయ్యిని నూతివద్దకు జరిపిరి, చాలలేదు. వెనుక వసారాలోనికి జరిపిరి, ఇంకను చాలలేదు. ప్రతిదినమును వైద్యుడు రక్తపరీక్ష చూచి కోపించుటయు, పొయ్యి మూరెడు ముందునకు వచ్చుటయు జరుగుచుండును. వంటయింటి గడపవద్దకు పొయ్యి వచ్చిననాడు కథను ముగింపవలెను. దాటినదో లేదో రచయిత చెప్పనక్కఱలేదు.

ఇట్టి కథలు ధనికులపై ద్వేషము పెంచునని కొందఱు శంకింపవచ్చును. ఇందు కామందుగారు దుర్మార్గులు గారు, ఆకలిగొన్న రోగి. బీదవారును దేవతలు గారు. అరువు తెచ్చి గొప్పకు బోవుట, తాము తిను కూటిని తామే దాచుకొని సిగ్గుపడుట వారి లోపములు. లేనివానిని నిర్దోషిగా జిత్రించుట యాతనిని మనుష్యులలోనుండి వెలివేయుటయే; నవ్వదగిన లోపములు వానికిని గలవని యొప్పుకొనుట వానిని సాటివానిగా నెంచుట. హాస్యములో నీతి యెందులకనువారును గలరు. పొయ్యి జరుగుటయందు నీతివాక్య మొక్కటియు లేదు. ఉన్నదెల్ల వేడి రొట్టెపై గల యాశయే. పెద్దల యుపదేశము కదలింపజాలని పొయ్యిని రొట్టె కదలించినది. హాస్యము చేయు పని యిట్టిది.

ఇది చదువువారిలో పొలము గలవారును, పనివారిని బెట్టుకొన్నవారును పెక్కురుందురు. డెబ్బదియేండ్ల పనిమనిషిని ‘ఏమే’ యని పిలుచు యింటిలోనే, యామె పదియేండ్ల బాలుని ‘చినబాబుగారూ’ యని పిలుచుచుండుట దినదినమును వినుచునే యున్నాము. విని నవ్వకుండుట యభ్యాసమైనది. ఆ నవ్వు మనకు దెచ్చిపెట్టువాడే నేడు కావలసిన రచయిత. అట్టివాని కథను పరీక్షించుట కొక సులభమైన మార్గము గలదు. దానిని మేడ వసారాలో గట్టిగా చదివింపుడు. యజమానియు, వంటమనిషియు, గేటుకాచు వాడును ఒక్కచోట గూర్చుండి విని, ఒకరి ముఖ మొకరు చూచుకొనుటకు సిగ్గుపడక నవ్వగలిగిరేని అది మంచి కథ. పనివారు విందురేమోనని గొంతు తగ్గించి చదువవలసివచ్చెనేని దానిని ప్రకటింపక త్రిప్పి పంపుట సంపాదకుల ధర్మము.