ఎవరి సమ్మతి?

నన్నయ తెనిగించిన సభాపర్వంలో ద్రౌపది నిండు సభను ఒక ప్రశ్న అడిగింది. తన్ను తాను ఓడిన ధర్మరాజుకు తనను పణంగా ఒడ్డే అధికారం ఎక్కడిదని ఆమె ప్రశ్న. ధర్మజ్ఞులైన పెద్దలెందరో ఆ సభలో ఉన్నారు. విదుర వికర్ణులు తప్ప ఆమె పక్షాన నోరు విప్పినవారు లేరు. ఆమెను గురించి అందరూ నిర్ణయించారు గాని, ఆమె సమ్మతిని ఎవరూ అడగలేదు.

పాలమూరు పల్లెలలోనూ ఆ ప్రశ్న శతాబ్దాలుగా సమాధానం లేకుండా నిలిచింది. మక్తల్, నారాయణపేట ప్రాంతాలలో ఊహ తెలియని దళిత బాలికలను దేవతకు అర్పించి జోగినులుగా మార్చేవారు. ఆ తరువాత ఆ బాలికకు వివాహయోగం లేదు. ఊరి పెత్తందారుల దౌష్ట్యానికి లోబడి బ్రతకడమే ఆమెకు మిగిలేది. ఆమె బిడ్డలకు తండ్రి పేరు ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చేసిన చట్టం ఈ అర్పణను నేరంగా ప్రకటించింది. అయినా రహస్యంగా జరిగిన తంతులు తరువాత కూడా వెలుగులోకి వచ్చాయి.

ఇట్టి ఆచారాలను రూపుమాపే బాధ్యతను ప్రపంచ దేశాలు ఉమ్మడిగా స్వీకరించాయి. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబరు 18న ఆమోదించింది. దీనిని సంక్షిప్తంగా ‘సీడా’ అంటారు. స్త్రీని తక్కువ చేసే ఆచారాలను మార్చాలని దాని ఐదవ అధికరణం చెబుతుంది. గ్రామీణ స్త్రీల హక్కులను పద్నాల్గవ అధికరణం ప్రత్యేకంగా పేర్కొంటుంది. భారతదేశం దీనిపై 1980లో సంతకం చేసి, 1993లో ధ్రువీకరించింది.

అయితే ధ్రువీకరణతో పాటు ఒక ప్రకటనను కూడా జోడించింది. ఏ సమాజమైనా తానై చొరవ చూపి సమ్మతించనిదే దాని వ్యక్తిగత వ్యవహారాలలో జోక్యం చేసుకోరాదన్న తన విధానానికి లోబడే ఐదవ అధికరణంలోని ఆ నియమాన్ని అమలు చేస్తామని దాని సారాంశం. ఎన్నో మతాలు, కులాలు గల దేశంలో ఇట్టి జాగ్రత్తకు కారణం లేకపోలేదు. కాని సమాజమంటే ఎవరు? అర్పించే పెద్దలా, అర్పణకు గురైన బాలికలా? పెద్దల సమ్మతినే సమాజ సమ్మతిగా లెక్కిస్తే ఒడంబడిక ఎవరి కోసం పుట్టిందో వారికే అందకుండా పోతుంది. 1988 నాటి చట్టం పెద్దల అనుమతి కోసం వేచి ఉండలేదన్నది గమనార్హం.

నల్లగొండ చరిత్ర చెప్పే పాఠమూ ఇదే. నిజాం పాలనలో వెట్టిచాకిరి కూడా ఆచారంగానే చెలామణి అయింది. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం వంటి వీరవనితలు దొరల సమ్మతి కోసం ఎదురుచూడలేదు. బాధితులే సమాజమై నిలిచిననాడు ఆచారం తలవంచింది.

దూరాన ఎక్కడో వ్రాసుకున్న కాగితం పల్లెకు ఏమి చేయగలదని కొందరు సందేహిస్తారు. ‘విశాఖ’ అనే స్త్రీ సంస్థ రాజస్థాన్ ప్రభుత్వంపై వేసిన వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు ఈ ఒడంబడికనే ఆధారం చేసుకొని, పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే మార్గదర్శకాలను నిర్దేశించింది. అవే 2013 నాటి చట్టానికి దారి వేశాయి. 2000 సంవత్సరంలో భారతదేశపు తొలి నివేదికను పరిశీలించిన ఐక్యరాజ్యసమితి సంఘం దేవదాసీ వ్యవస్థను పేరెత్తి ఆందోళన వ్యక్తం చేసింది. పల్లె గోడు అంతర్జాతీయ వేదికకు చేరగలదనడానికి ఇది నిదర్శనం.

కనుక ఒడంబడిక కోసం చేసే ఉద్యమం రెండు దిక్కులా సాగాలి. దానిలోని హక్కులను తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటలలో పల్లె స్త్రీలకు వినిపించాలి. వారి అనుభవాలను నివేదికలుగా పై వేదికలకు చేర్చాలి. జోడించిన ప్రకటనను ఉపసంహరించుకొమ్మని ప్రభుత్వాన్ని కోరాలి. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడనాడడం పౌరుల ప్రాథమిక విధి అని మన రాజ్యాంగమే చెబుతున్నది. ఆ విధిని పాటించదలచిన యువతరం ఏ ఆచారం ఎదురైనా, అది ఎంత ప్రాచీనమైనదని కాక, దాని భారాన్ని మోసే స్త్రీ సమ్మతి ఉన్నదా అని మొదట అడగాలి.