సాకెట్ దగ్గర చేయాల్సిన లెక్క

తెలుగులో 'కరెంటు' అన్న మాట చేసినంత చాకిరీ మరే మాటా చేయదేమో. కరెంటు పోయింది, కరెంటు డల్లుగా వస్తోంది, కరెంటు బిల్లు పేలిపోయింది, కరెంటు కొట్టింది. మొదటి రెండింట్లో జనం చెప్పేది వోల్టేజీ సంగతి. మూడోది యూనిట్లది. నాలుగోదానిలోనే అసలు కరెంటు ఉంది, ఒంట్లోంచి పారిన కరెంటు. మాటలు కలిసిపోయినా పనులు జరిగిపోతాయి. లెక్క కలిసిపోతే గోడలో సాకెట్ నల్లబడుతుంది.

పోతిరెడ్డిపల్లి చౌరస్తా చుట్టూ ఉండే అద్దె గదులనే తీసుకోండి. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ల గదులు. చలికాలం తెల్లవారుజామున బకెట్లో 1,500 వాట్ల హీటర్ రాడ్డు, పక్కన 700 వాట్ల రైస్ కుక్కర్, చొక్కా మీదికి 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె. మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు, ఆ బాక్సు 6 ఆంపియర్ల సాకెట్‌కు. మొత్తం 3,200 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 14 ఆంపియర్లు. ఆరుగురు ఎక్కాల్సిన ఆటోలో పద్నాలుగు మందిని కుక్కినట్టు.

ఆటో అయితే మూలుగుతుంది. సాకెట్ చప్పుడు చేయదు, వేడెక్కుతుంది. ప్లగ్గు పిన్ను వదులుగా ఉండి అక్కడ నిరోధం 0.2 ఓమ్‌లే ఉందనుకుందాం. వేడి తెలియాలంటే కరెంటును కరెంటుతోనే గుణించి, దాన్ని మళ్లీ నిరోధంతో గుణించాలి. 14 ఆంపియర్లకు 39 వాట్లు వస్తుంది. రేడియో రిపేరు చేసేవాళ్ల టేబుల్ మీద ఉండే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకంటే వేడిది ఒకటి ప్లాస్టిక్ ప్లగ్గు లోపల వెలుగుతోందన్నమాట. కరెంటు రెట్టింపైతే ఈ వేడి నాలుగింతలవుతుంది. ఆ మూలాన ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి, కాలిన వాసన వస్తే తప్పు వైరింగ్ వాడిదే అనుకుంటారు. సగం తప్పు భాగహారం చేయని వాడిది కూడా.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. జర్మనీలో జార్జ్ ఓమ్ తన నియమాన్ని 1827లోనే అచ్చు వేయించాడు. మొదట సొంత దేశంలోనే దాన్ని సరిగా పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. ఇప్పుడది పదో తరగతి పిల్లలకు కంఠతా వచ్చు: వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండింటినీ గుణిస్తే వాట్లు.

కంఠతా రావడం వేరు, కొలిచి చూడడం వేరు. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకు లెక్క వేస్తే 529 ఓమ్‌లు రావాలి. అదే బల్బు తీసి మల్టీమీటరు పెడితే 40కి అటూ ఇటూ చూపిస్తుంది. రెండూ నిజమే. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ, తెల్లగా మండుతున్న టంగ్‌స్టన్ తీగ ఒకటి కాదు. బల్బు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు మాడిపోతుందో ఈ ఒక్క కొలత చెబుతుంది. దీన్ని చేయించే బడి దొరకడం అదృష్టం.

బోరు మోటారు ఇంకో మెలిక పెడుతుంది. లో వోల్టేజీలో 2,000 వాట్ల గీజర్ మెత్తబడుతుంది. 180 వోల్టులకు అది 1,225 వాట్లే ఇస్తుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే. మోటారు మాత్రం అదే నీళ్లు పైకి లాగాలి కాబట్టి, వోల్టేజీ తగ్గిన కొద్దీ ఎక్కువ కరెంటు పీలుస్తుంది. వైండింగ్ కాలేది అందుకే. మోటారును ఉత్త నిరోధంలా చూసి లెక్క కడితే అచ్చం తలకిందుల జవాబు వస్తుంది.

రోడ్డు పక్క 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆగి చూస్తే, అంతే శక్తికి వోల్టేజీ పెరిగితే కరెంటు తగ్గుతుందన్న సూత్రం కళ్లకు కడుతుంది. పైనుంచి వచ్చే 11 కేవీ తీగలు సన్నం, కిందికి దిగే కేబుళ్లు లావు. పైన నిండు లోడుకు 5 ఆంపియర్ల చిల్లర, కింద 433 వోల్టుల వైపు 133.

పోతిరెడ్డిపల్లి నుంచి పటాన్‌చెరు వైపు వెళ్లే ఈ రోడ్డునే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960ల నుంచి భారీ విద్యుత్ యంత్రాలు తయారుచేస్తోంది. కందిలో ఐఐటీ ఉంది. ఆ పక్కనే ఫ్యూజు పోయిన చోట రాగి తీగ చుట్టడం, 16 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 32ది పెట్టించడం తెలివి కింద చెల్లుతోంది. ఎంసీబీ పెద్దదైతే గోడలో వైరు లావెక్కదు. పదో తరగతి ప్రశ్నపత్రంలో 'ఒక వాహకం' అనే ఊరూ పేరూ లేని వస్తువుకు బదులు ఇస్త్రీ పెట్టె రేటింగ్ ప్లేటు అచ్చు వేసి అడగాలి. గది అద్దెకిచ్చేవాళ్లు నీళ్ల మోటారు టైమింగులు చెప్పినట్టే, ఏ సాకెట్ ఎన్ని ఆంపియర్లదో కూడా చెప్పాలి. ఒక 16 ఆంపియర్ల పాయింటు, దానికి తగిన వైరు వేయించడం నెల అద్దెను మించే ఖర్చేమీ కాదు.

అంతదాకా ఆగక్కర్లేదు. ఇవాళే మీ ఇంట్లో హీటర్ మీద రాసిన వాట్లు చూసి, 230తో భాగించండి. ఆరు దాటితే దాన్ని చిన్న సాకెట్‌లోంచి తీసేయండి.