లంఖణం అన్ని వ్యాధులకూ ఔషధం కాదు

‘లంఖణం పరమౌషధం’ అన్న మాట మన ఇళ్లలో ఎరుగనివారు లేరు. అజీర్ణానికి అది చక్కగా వర్తించే మాటే. కాని మనస్సు, ఆహారం రెండూ ఏకకాలంలో గతి తప్పిన రోగికి దానిని వర్తింపజేయడం ప్రాణాపాయానికి దారితీయవచ్చునని గృహస్థులు గ్రహించాలి.

బైపోలార్ డిజార్డర్ అనే వ్యాధికి లోనైనవారు కొంతకాలం నిద్రే అక్కరలేనంత ఉద్రేకంతో, చేతికందిన ధనమంతా వెచ్చిస్తూ గడుపుతారు. మరికొంతకాలం తీవ్రమైన విషాదంలో మునిగిపోతారు. ఇట్టివారిలో ఆహార సంబంధమైన మానసిక రుగ్మతలు ఇతరులలో కంటె అధికమని ఆధునిక వైద్యులు గుర్తించారు. కొందరు అదుపు లేకుండా తిని, బరువు పెరుగుతామన్న భయంతో గొంతులో వేలు పెట్టుకొని వమనం చేసుకొంటారు. లండనులో జెరాల్డ్ రసెల్ అనే వైద్యుడు 1979లో బులీమియా నెర్వోసా అన్న పేరుతో వర్ణించిన వ్యాధి ఇదే. మరికొందరు శరీరం శల్యావశిష్టమయ్యేవరకు ఆహారం మానివేస్తారు.

చరకుడు ఉన్మాదాన్ని ఐదు విధాలుగా వివరించాడు. వాటిలో ఒకదాని పేరు ఈ జంట వ్యాధికి తగిలించి తృప్తిపడడం శాస్త్రం కాదు. శాస్త్రంలోని సూత్రాన్ని గ్రహించడం ముఖ్యం. వేగాలను అణచడమే కాక, రాని వేగాన్ని బలవంతంగా పుట్టించడం కూడ రోగహేతువేనని వాగ్భటుడు హెచ్చరించాడు. వేలితో తెచ్చుకొనే వమనం సరిగ్గా అట్టిదే. అది పదేపదే జరిగితే దంతాలు అరిగిపోతాయి; రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పుతుంది.

ఇట్టి రోగికి ఇంట్లో జరిగేదేమిటి? ‘వేడి చేసింది, పైత్యం ప్రకోపించింది’ అని ఆముదమో సునాముఖియో పట్టిస్తారు. ఉపవాసం ఉంచుతారు. ఉప్పు మాన్పించి చప్పిడి పథ్యం పెడతారు. రోగి లిథియం మాత్రలు వాడుతున్నప్పుడు ఇవన్నీ విషమిస్తాయి. ఉద్రేకాన్ని శమింపజేసే గుణం లిథియానికి ఉన్నదని ఆస్ట్రేలియాకు చెందిన జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. నేటికీ అది ఉత్తమమైన ఔషధాలలో ఒకటి. అయితే దాని ప్రమాణం కత్తిమీద సాము వంటిది. సాధారణంగా లీటరు రక్తంలో 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు ఉంచుతారు, 1.5 దాటితే విషలక్షణాలు పొడసూపుతాయి. శరీరంలో ఉప్పు, నీరు తగ్గినకొద్దీ మూత్రపిండాలు లిథియాన్ని బయటకు పంపక నిలుపుకొంటాయి. వమనం, విరేచనం, లంఖణం, చప్పిడి పథ్యం ఈ నాలుగూ రోగిని ఆ విషం వైపే నెడతాయి. చేతులు బలంగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, మగత, వాంతులు కనిపిస్తే అది పైత్యమని కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

‘ఇంగ్లీషు మందు మాన్పించి మీ మందు ఇవ్వండి’ అని కోరేవారికి నేను ఎన్నడూ సమ్మతించను. సర్పగంధ వంటి మూలిక ఉద్రేకాన్ని అణచవచ్చును గాని, విషాదాన్ని పెంచే గుణమూ దానికి ఉన్నది. సొంతంగా వాడరాదు. ఆధునిక ఔషధాలలోనూ ఒలాంజపిన్ వంటివి ఆకలినీ బరువునూ పెంచుతాయి. ఆ భయంతోనే ఎందరో మందు మానివేసి, మళ్లీ వ్యాధి పాలవుతారు. విషాదానికి ఇచ్చే మందు ఒంటరిగా వాడితే ఉద్రేకం తలెత్తవచ్చును. కనుక మానసిక వైద్యునికి ఆహారపు సంగతి దాచకుండా చెప్పాలి. రెండు వ్యాధులనూ ఎరిగినప్పుడే ఆయన తగిన మందు ఎంచగలడు. సిగ్గుతో దాచిన వమనమే చికిత్సను చెడగొడుతుంది.

ఇక మన వంతు ఏమిటి? నిద్ర, భోజనం, మేల్కొనడం నియత వేళలకు జరిగేట్లు చూడడం దినచర్య సారం. ఈ వ్యాధికి అది గొప్ప ఆసరా. రోగిని ఒంటరిగా తిననీయక, అందరితో కూర్చుండబెట్టాలి. ‘తిండిపోతు’, ‘కర్రలా ఉన్నావు’ అన్న మాటలు ఇంట్లో వినబడరాదు. ధైర్యం చెప్పి మనస్సును నిలబెట్టడమే చరకుడు చెప్పిన సత్త్వావజయం. దీర్ఘకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా విందు పెట్టరాదు. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం పోవచ్చును. శోధనానంతరం పలుచని జావతో ఆరంభించి క్రమంగా అన్నానికి రావాలన్న మన పేయాది క్రమంలోని వివేకం ఇదే. కాని ఇట్టి రోగికి ఆ క్రమం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

రోగి చావు మాట ఎత్తితే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా విడువక, తక్షణమే వైద్యసహాయం పొందండి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

పథ్యం అంటే రోగికి హితమైనది అని అర్థం. నోరు కట్టివేయడమే పథ్యమన్న భ్రమను మన గృహాలు విడనాడాలి. వేళకు పెట్టే పట్టెడన్నం, చిటికెడు ఉప్పు, ఒక మంచి మాట, వైద్యుడు చెప్పిన మాత్ర ఇవే ఈ రోగికి పథ్యం.