చేతిపని: ఆఫ్రికా అద్దకం, చీరాల రుమాలు

గత సంచికలో పాత చీరలతో బొంత కుట్టుటను గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి గుడ్డ దూరదేశానిది. తార్‌బహార్‌లో మా పక్కింటి పిన్నిగారికి, ఘనాలో ఉద్యోగం చేయుచున్న కుమారుడు ఆరు గజాల అద్దకపు గుడ్డ తెచ్చి ఇచ్చినాడు. నీలం మీద పసుపుపచ్చ వలయాలు, ఒక్కొక్కటి అన్నం పళ్లెమంత! పొడవు చీరకు సరిపోవును గాని బట్ట బిరుసు, కుచ్చిళ్లు ఒదగవు. రెండేళ్లు బీరువాలో దాచి, చివరకు నా వద్దకు పట్టుకొని వచ్చినారు.

ఇట్టి గుడ్డ చేతికి వచ్చినపుడు ముందుగా తిరగవేసి చూడవలెను. అసలైన వాక్స్ ప్రింటులో గుగ్గిలం వంటి పదార్థమును రెండు వైపులా అద్ది రంగులో ముంచెదరు. అది అంటిన చోట రంగు పట్టదు. అందుచేత గుడ్డకు మంచి వైపు, చెడ్డ వైపు అని లేవు. వెనుకవైపు వెలిసినట్లుంటే అది చవక నకలు. సంచికి పనికి వచ్చును గాని లోపల అస్తరు తప్పదు.

సంచి కుట్టదలచినవారు గుడ్డను ఒకసారి ఉతికి ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతనే కత్తెర పట్టవలెను. నలభై సెంటీమీటర్ల పొడవు, ముప్పై ఆరు సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కలు రెండు చాలును. వలయం సరిగా నడుమకు వచ్చునట్లు వార్తాపత్రిక కాగితంతో కొలత వేసికొనుడు. తొందరపడి నేనొక వలయమును సగానికి కోసి బాధపడితిని. పిడులకు పది సెంటీమీటర్ల వెడల్పు పట్టీలను నాలుగు మడతలు పెట్టి కుట్టవలెను. మిగిలిన సన్నని పేలికలను పాత ప్లాస్టిక్ గాజులకు ఫెవికాల్‌తో చుట్టినచో ఆడపిల్లలు ముచ్చటపడి వేసుకొందురు.

ఈ అద్దకమునకు మూలం జావా ద్వీపపు బాటిక్. హాలెండులోని హెల్మండ్ పట్టణంలో 1846లో నెలకొన్న వ్లిస్కో వంటి సంస్థలు దానిని యంత్రాలపై అనుకరించగా, పంతొమ్మిదవ శతాబ్ది చివరి నుండి పశ్చిమాఫ్రికాలో అది బాగా చెల్లినది. అక్కడి బజారు స్త్రీలు ఒక్కొక్క నమూనాకు పేరు పెట్టి దానిని తమది చేసికొన్నారు.

మన చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ల బట్ట కూడ, ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అను పేరుతో ఆ తీరానికే పోయెడిది. పేరుకు రుమాలు, అక్కడ నడుముకు చుట్టుకొనెడి వస్త్రం. నైజీరియాలోని కలబరి ప్రజలు దానిని ‘ఇంజిరి’ అందురు. వారి స్త్రీలు ఆ గళ్లలోని లేతరంగు పోగులను సూదితో పైకెత్తి, బ్లేడుతో తెంపి, లాగివేసి, మిగిలిన ముదురు పోగులలో కొత్త నమూనాను తేల్చెదరు. దాని పేరు ‘పెలెటె బితె’, అనగా పోగు తెంపిన గుడ్డ. జోయాన్ ఐకర్, టొన్యె ఎరెకొసిమా అను పరిశోధకులు 1981లో దీనిని గురించి వ్రాసినారు. మన నేతగాడు పూర్తి చేసి పంపిన వస్త్రంలో ఇంకను పని మిగిలియున్నదని వారికి తోచుట నాకు ఆశ్చర్యం కలిగించినది.

ఈ సంగతి చెప్పగా పిన్నిగారు ఏమియు మాటాడక లోపలికి వెళ్లి, బాబాయిగారి గళ్ల లుంగీ తెచ్చినారు. ఆయన రైల్వేలో పనిచేసి, విరమణ తరువాత కాలం చేసినారు. “దిండు గలీబులు కుట్టిస్తానని కోడలు అడిగింది. కత్తెర వేయనీయలేదు. ఇదైతే బట్ట ముక్కలు కాదు కదా, అమ్మాయీ?” అని అడిగినారు.

కాదని చెప్పితిని. అయినను ముందుగా వేరొక పాత నూలు గుడ్డ మీద చేయి అలవాటు చేసికొనుమంటిని; పక్కపక్కనున్న పోగులన్నీ తెంపితే గుడ్డ చిల్లుపడును. టెరికాటన్ కలిసిన బట్ట పనికిరాదు, పోగు సాఫీగా జారి రాదు. వెలుతురు బాగుగా ఉన్న వేళనే కూర్చొనవలెను.

నెల గడిచినది. లుంగీలో ఒక మూల జానెడు మేర తెల్ల పోగులు పోయి వల వలె అయినది. మధ్యాహ్నం మనుమరాలు సూదితో పోగు ఎత్తిపెట్టగా, వరండాలో కూర్చొని పిన్నిగారు తెంపుచున్నారు. తెంపిన పోగులను కూడ పారవేయక బాబాయిగారి పాత పొడుం డబ్బాలో వేయుచున్నారు.