మూడు రబ్బరు గొట్టములు



ఇంగ్లండులో కాపురముండు మన తెలుగు సోదరి యొకరు ఈ నెల మాకొక జాబు వ్రాసిరి. వారి భర్తగారు ముచ్చటపడి కొన్న పాత ఎం.జి.బి. కారొకటి వారి యింట నున్నది. ఆదివారమునాడు దానిలో కొంతదూరము పోయివచ్చుసరికి ముందరి కుడిచక్రము చేయి పెట్టరానంత వేడెక్కుచున్నదట. బ్రేకు త్రొక్కి విడిచిన పిదప గూడ బండి కుడివైపునకే లాగుచున్నదట. మరమ్మతువారు చక్రమువద్ద బ్రేకును బిగించు కాలిపరును మార్చిరి, సొమ్ము పుచ్చుకొనిరి, జాడ్యము మాత్రము పోలేదు. "బండి నమ్మివేయుదుమా? భయపడుచునే నడుపుదుమా?" యని ఆ సోదరి యడుగుచున్నారు.

అమ్మనక్కరలేదు. కాని యీ స్థితిలో నడుపనే కూడదు. చెడినది మూరెడైనను లేని రబ్బరు గొట్టమై యుండవచ్చును.

ఈ కారును ఇంగ్లండులోని ఆబింగ్డను పట్టణమున 1962 మొదలు 1980 వరకు చేసిరి. ఐదు లక్షలకు పైగా చేసినందున దీని విడిభాగములు నేటికిని సులభముగ దొరకును. మనము బ్రేకు త్రొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని ద్రవము సన్నని లోహపు పైపులగుండ నొత్తుకొనిపోయి చక్రములను పట్టుకొనును. బండిదేహము నంటియుండు పైపు కదలదు గాని చక్రము గతుకులలో పైకి క్రిందికి ఆడును, ముందరి చక్రము ప్రక్కలకు గూడ తిరుగును. అందుచేత ఆ రెంటి నడుమ వంగెడు రబ్బరు గొట్టము కావలసివచ్చినది. ఈ కారులో నట్టివి మూడు: ముందరి చక్రములకు ఒక్కొక్కటి, వెనుక ఇరుసునకు ఒకటి.

"పైన పటారము, లోన లొటారము" అన్న సామెత ఈ గొట్టములకు సరిగా తగును. వెలుపల నల్లగ నిగనిగలాడుచుండును, లోపలి పొర మాత్రము యేండ్లు గడచినకొలది ఉబ్బి దారిని మూయును. అసలే ఆ దారి సుమారు 3 మిల్లీమీటర్ల సన్నము. మన కాలి బలముచేత ద్రవము దానిని త్రోసికొని లోనికి పోగలదు. తిరిగి వచ్చునప్పుడు అంత బలము లేదు గనుక అక్కడనే చిక్కుకొనును. లోపలికి మాత్రమే తెరచుకొను తలుపువంటి దన్నమాట. చక్రము విడివడక రాచుకొనుచునే తిరిగి వేడెక్కును.

ఆ వేడిలోనే అసలు ప్రమాదమున్నది. బ్రేకు నూనె యని వాడుకలో నందుము గాని అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము. డాట్ 4 అను రకము క్రొత్తదిగా నున్నప్పుడు 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకైనను మరుగరాదని నియమము. నీరు పీల్చినదానికి ఆ నియమము 155 డిగ్రీలే. పాత ద్రవము వేడి చక్రమువద్ద మరిగి ఆవిరియైనచో, త్రొక్కిన పెడలు నేలనంటును గాని బండి నిలువదు.

అనుమానము తీర్చుకొను పరీక్ష యొకటి కలదు. చక్రము నెత్తి, బ్రేకు త్రొక్కి విడిచి, చేతితో త్రిప్పి చూడవలెను. బిగిసియున్నచో, గొట్టపు పైకొనవద్ద లోహపు పైపు కలియు నట్టును కొంచెము సడలింపవలెను. అంతటితో చక్రము విడివడినచో తప్పు పైన మాస్టరు సిలిండరు వైపున నున్నది. అప్పటికిని విడివడక, కాలిపరుమీది బ్లీడరు మరను సడలింపగనే ద్రవము చిమ్మి విడివడినచో తప్పు గొట్టముదే. రెంటికిని విడివడనిచో కాలిపరునే చూడవలెను. ఈ క్రమమున చూచియుండినచో ఆ సోదరికి కాలిపరు వెల మిగిలియుండెడిదేమో!

ఇక మార్చు విధము. బండిని చదునైన గట్టినేలపై నిలిపి, నేలమీద నున్న చక్రములకు అడ్డు పెట్టి, గట్టి స్టాండులపై నిలుపవలెను. జాకీ నొక్కదానిని నమ్మి బండిక్రిందికి పోరాదు. తుప్పుపట్టిన నట్టులకు ముందురాత్రియే తుప్పు విడిపించు నూనె వేయుట మంచిది. ద్రవపు డబ్బా మూతక్రింద పలుచని ప్లాస్టికు కాగితము నుంచి బిగించినచో ద్రవము ఎక్కువగ కారిపోదు. చుక్క రంగుపై పడినచో రంగు లేచిపోవును, వెంటనే నీటితో కడుగవలెను.

మొదట లోహపు పైపు నట్టును విప్పవలెను. పైపు నట్టులకని చేసిన స్పానరు వాడినచో అంచులు చెడవు. అప్పుడు రబ్బరు గొట్టపు కొనను వేరొక స్పానరుతో కదలకుండ పట్టి, దానిని బండిదేహమునకు బిగించిన నట్టును తీయవలెను. చక్రమువైపు కొనను కడపట విప్పవలెను. క్రొత్తదానిని బిగించునప్పుడు వరుస తలక్రిందులగును: చక్రమువైపు మొదట, పైకొన పిమ్మట. రాగి వాషరు ఉన్నచోట క్రొత్తది వేయవలెను. గొట్టము జడవలె మెలిపడరాదు. ముందరి చక్రములను ఇరుప్రక్కలకు పూర్తిగ త్రిప్పి, గొట్టము దేనికిని రాచుకొనకుండ, బిగుసుకొనకుండ నున్నదో లేదో చూడవలెను.

ఒకటి చెడినప్పుడు మూడును మార్చుటయే మేలు, వాని వయస్సు ఒక్కటే గదా! పిమ్మట క్రొత్త ద్రవము పోసి, ఆ కారు కరదీపికలో చెప్పిన వరుసను ఒక్కొక చక్రమువద్ద గాలి తీయవలెను. ఒకరు పెడలు త్రొక్కి పట్టియుండగ రెండవవారు బ్లీడరు మరను విప్పి, బుడగలు పోయిన ద్రవమును చూచి, బిగించిన తరువాతనే పెడలు విడువవలెను. డబ్బా నడుమ వట్టిపోరాదు. ఇది ఆలుమగలు కలసి చేయదగిన పని.

ముగించిన పిదప ఒకరు పెడలును గట్టిగ త్రొక్కి పట్టవలెను, వేరొకరు ప్రతి కీలును పొడిగుడ్డతో తుడిచి తడి తగులునేమో చూడవలెను. పెడలు మెత్తగనున్నను, చెమ్మ కనబడినను బండి వీధిలోనికి రారాదు. చేయి తిరుగనివారు ఈ పనిని అనుభవజ్ఞునిచేత చేయించుకొనుటలో చిన్నతనము లేదు. ఏమి చేయవలెనో తెలిసి చేయించుకొనువారు మాత్రము మోసపోరు.

మన వంటయింటి గ్యాసు గొట్టమును పగులు కనబడువరకు ఆగక ఐదేండ్లకొకమారు మార్చుచున్నాము గదా! దీనికిని ఆ బుద్ధియే కావలెను. రబ్బరును రూపము చూచి గాక వయస్సు చూచి నమ్మవలెను. మార్చిన తేదీని నేడే ఒక చీటిపై వ్రాసి బండి కాగితములలో నుంచుడు.