పెరటితోట: బాల్కనీయందు ఆషాఢపు విత్తనములు



"పెరడే లేని మాకు పెరటితోట ముచ్చటలేల?" యని మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురములయందు మేడలపై కాపురముండు గృహిణు లడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట నీ ప్రాంతపు రాతిగుట్టలును చెలకలును మేడలక్రింద మరుగుపడినవి. బీళ్లలో తమంతట తాము పూచెడి గునుగును తంగేడును నేడు బతుకమ్మకు వెల యిచ్చి కొనుచున్నాము. ఐనను నాలుగు తొట్లకు చోటున్నచో నదియు తోటయే.

మొదట ఎండను చూడవలెను. టమాటా, వంగ, మిరప కాయవలెనన్న దినమునకు ఆరుగంటల యెండ కావలెను. ఆకుకూరలకు మూడు నాలుగు గంటలు చాలును. తూర్పు బాల్కనీ అన్నిటికిని మేలు. దక్షిణపు బాల్కనీకి చలికాలమున మంచి యెండ వచ్చును. పడమట వేసవి యెండ మాడ్చును గావున పలుచని పచ్చవల కట్టవలెను. ఉత్తరపు బాల్కనీకి నడివేసవి మొదలు శ్రావణారంభము వరకే కొంత యెండ తగులును. అచ్చట టమాటా కాయలేదని విసిగి తొట్లు పారవేయువారు కలరు. దోషము వారి చేతిలో లేదు, దిక్కులో నున్నది. అట్టివారు బచ్చలి, పుదీనా పెంచుకొనుట మంచిది.

తడిసిన మన్ను ఘనమీటరు ఒకటిన్నర టన్నులకు పైగా తూగును. కావున ఎఱ్ఱమన్ను, కొబ్బరిపొట్టు, చివికిన పశువుల యెరువు సమపాళ్లుగా కలిపినచో బరువు తగ్గును, తేమయు నిలుచును. తొట్టి యడుగున రంధ్రములు తప్పక యుండవలెను.

నీటిమాట ముఖ్యము. వేసవిలో ట్యాంకరు నీరు కొను నిండ్లలో మొక్కలకు మంచినీరు పోయుట యెవరికైనను మనస్కరించదు. బియ్యము, కూరలు కడిగిన నీరు ఒక పాత్రలో పట్టియుంచిన నాలుగైదు తొట్లు గడచును. మన్నుపై ఎండుటాకులు పరచిన తడి త్వరగా ఆరదు. నీటిశుద్ధి యంత్రము విడిచెడు నీటియందు లవణములు హెచ్చు. దానినే నిత్యము పోసిన మన్ను చవుడగును.

ఇప్పుడు ఆషాఢము, వానలు పడుచున్నవి. తోటకూర, మెంతికూర చల్లుడు. ఇంచుమించు నెలనాళ్లకు కోతకు వచ్చును. ధనియములను రెండు బద్దలుగా నలిపి చల్లవలెను. పది దినముల కొక తొట్టి చొప్పున వరుసగా చల్లిన, ఒకటి యయిపోవునప్పటికి మఱియొకటి చేతికందును. బంతి విత్తులు ఈ మాసము మధ్యలోపల వేయుడు. నెలనాళ్లకు తల తుంచినచో కొమ్మలు వేసి, భాద్రపద బహుళ అమావాస్యనాటికి పూతకు వచ్చును. గునుగు విత్తులును ఎండ గల తొట్టిలో చల్లవచ్చును. తంగేడు పొద మాత్రము తొట్టికి సరిపడదు. అపార్టుమెంటు ఆవరణమున ప్రహరీ ప్రక్క పదుగురు కూడి నాటుకొనవలెను.

పిండినల్లి కనబడినచో లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంకాలము చిలుకరింపుడు. తినెడి యాకును రెండు మూడు దినములు విడిచి, బాగుగా కడిగి కోసుకొనుడు.

కార్యాలయముల కేగు సోదరీమణులకు ఉదయము పావుగంట చాలును. ఆ పనికి పిల్లలను వెంట నిలుపుకొనుడు. తాను నీరు పోసిన తోటకూరను వద్దను బిడ్డ అరుదు. ఈయేటి బతుకమ్మలో ఒక్క వరుసయైనను మన తొట్టి పూలతో పేర్చుదము.